పైపాయన గడ్డి

ఇక్కడ కూడా నీళ్ళేనా నాయనా అనుకున్నాను మొదట, పక్క కుర్చీలో కూర్చున్న పైపాయన ప్యాంటు అంచుల నుంచి ఒక్కో చుక్కా ఆసుపత్రి నేల మీద పడుతుంటే. మోకాళ్ళ దాకా తడిసిపోయాడు. బూట్లలోంచి కారిన నీళ్ళు కుర్చీ కింద మడుగు కట్టాయి. నేల తుడిచే ఆవిడ వచ్చి మడుగును చూసి, ఆయన మొహం చూసి, తుడిచి వెళ్ళింది, మళ్ళీ కారింది. మా పక్కింటాయనే, ఈయనకో పేరుంది, నేను పలకను. చేతిలో నీళ్ళ పైపు లేకుండా ఈయన్ని ఎప్పుడూ చూడలేదు కాబట్టి మా ఇంట్లో పైపాయనే. ఈ మనిషి కంటపడితే చాలు నాకు ఒళ్ళు మండుతుంది, ఆ మంట ఇవాళ ఎక్కడికి పోయిందో వెతుక్కుంటున్నాను, పన్ను పీకించుకున్నాక నాలుక అక్కడికే పోయి తడుముకున్నట్టు. ఎదురుగా తలుపు మూసి ఉంది. దాని వెనక మా అక్క ఉంది. ఒంట్లో వేడి బాగా పడిపోయింది, మెల్లగా పెంచాలి, తొందరపడితే గుండె తట్టుకోదు అని చెప్పి లోపలికి వెళ్ళిన నర్సమ్మ ఇంకా బయటికి రాలేదు. మా ఆయన పొడిబట్టలు తేవడానికి ఇంటికి వెళ్ళాడు. అందుకని ఈ వరండాలో మిగిలింది మేమిద్దరమే, ఒకరితో ఒకరు కీచులాడుకోవడం తప్ప ఇంకే మాటా అలవాటు లేని ఇద్దరం. దేవుడా, అక్క బతికితే చాలు, ఈయన ఈ నేలంతా తడిపినా నేనే తుడుస్తాను.

మా ఆయన కారు నడుపుతుంటే వెనక సీట్లో అక్క కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని దారి పొడుగునా అరికాళ్ళు రుద్దుతూనే ఉన్నాను, చెక్కముక్కల్లా ఉన్నాయవి. ఇక్కడ దించగానే నర్సమ్మ నా చేతులు పక్కకి తోసి "రుద్దకండమ్మా, చర్మం పాడవుతుంది, మేం చూసుకుంటాం" అంది. తోసేసిన ఆ చేతులు ఇప్పుడు పనిలేక ఒళ్ళో పడి ఉన్నాయి. రుద్దడం నాకు నేర్పిందే అక్క. అమ్మ పోయేనాటికి నాకు ఊహ తెలీదు, అక్కకి అప్పుడే బ్రెడ్డు ఫ్యాక్టరీలో పని దొరికింది, తెల్లవారుజాము షిఫ్టు. చీకటితో లేచి నా మీద దుప్పటి సర్ది, పక్క గదిలో నాన్న గురక ఆగకుండా, గడియ చప్పుడు కాకుండా ఎత్తి, వీధి చివర ఫ్యాక్టరీ బస్సెక్కేది. నన్ను బడికి పంపే వేళకి తిరిగొచ్చేది, కనుబొమల మీద పిండి, జడలో కాలిన బ్రెడ్డు వాసన. ఇప్పటికీ ఏ బేకరీ ముందు నుంచి వెళ్ళినా నాకు ఆకలి వెయ్యదు, అక్క గుర్తొస్తుంది. చలికాలం నా కాళ్ళు ఎంతకీ వెచ్చబడేవి కావు, మంచం చివర కూర్చుని రెండు చేతుల మధ్యా పెట్టుకుని పిండి పిసికినట్టు పిసికేది. "ఇదేంటే పిట్టా, ఈ కాళ్ళు పొంగని పిండిలా ఉన్నాయి" అనేది. గుప్పెడంత ఉండి గంపెడు కబుర్లు చెబుతానని నాకు పిట్ట అని పేరు పెట్టింది తనే. ఎవరైనా తన పెళ్ళి మాటెత్తితే "పిండి పొంగుతోంది, ఇప్పుడు కదిలించకండి" అని నవ్వేసేది. ఆ పిండి అలా పొంగుతూనే ఉంది ఏళ్ళ తరబడి, నా చదువూ, ఉద్యోగమూ, పెళ్ళీ అన్నీ అందులోంచే వచ్చాయి, అక్కకి మాత్రం ఏమీ మిగల్లేదు. మిగల్లేదని ఒక్కనాడూ అనలేదు. ఆ కాళ్ళు ఇప్పుడు ఎవరో ముక్కూ మొహం తెలియని అమ్మాయి చేతుల్లో ఉన్నాయి, ఆ అమ్మాయి చల్లగా ఉండాలి.

ఆయన దగ్గాడు. నేను అటు చూడలేదు. చూస్తే ఏదో ఒకటి మాట్లాడాలి కదా. ఈయన మీద మాట్లాడటానికి నా దగ్గర ఎప్పుడూ బోలెడు ఉంటుంది, ఈయనతో మాట్లాడటానికే ఏమీ లేదు. నా ఉద్యోగం నీటి సరఫరా ఆఫీసులో, ఫిర్యాదుల బల్ల దగ్గర. ఫోనెత్తితే ఒకటే పాట, నీళ్ళు రాలేదమ్మా, వచ్చినా సన్నగా వస్తున్నాయమ్మా, పై అంతస్తుకి ఎక్కడం లేదమ్మా, పసిపిల్లలున్న ఇల్లమ్మా. అందరికీ సర్ది చెప్పి, గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చేసరికి పక్కింటి ముందు తుంపర్ల యంత్రం గిరగిరా తిరుగుతుంటుంది. ఎండాకాలమైతే సరే, పోనీలే అనుకోవచ్చు. మాట్లాడితే నోట్లోంచి పొగలొచ్చే చలిలో, వీధిలో గడ్డంతా ఎండి రంగు మారి పడుకున్న రోజుల్లో ఎవరికయ్యా ఈ అభిషేకం? ఈయన జీవితమంతా ఇళ్ళలో, ఆఫీసుల్లో తివాచీలు పరిచే పని చేసి మానుకున్నాడు. గడ్డి కూడా తివాచీయే అనుకుంటాడు, తడి తగ్గితే అంచులు లేస్తాయని బెంగ. మొదటిసారి మర్యాదగానే అడిగాను. "చలికాలం గడ్డికి సెలవని ఎవరన్నారండీ?" అన్నాడు. రెండోసారి అడిగితే "దానికీ దాహం వేస్తుంది కదండీ" అన్నాడు. మూడోసారి అడగబోతే చెయ్యి ఊపి లోపలికి పోయాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టు అంటారే, ఇక్కడ వాన కురిపించేది కూడా దున్నపోతే. పోయిన చలికాలం ఆ తుంపర గాలికి మా మెట్ల మీద పడి గాజులా బిగుసుకుంది. ఆఫీసుకని బ్యాగు భుజాన వేసుకుని మొదటి మెట్టు మీద కాలు పెట్టానో లేదో, ఆకాశం కనిపించింది. మణికట్టు చిట్లింది. పరిగెత్తుకొచ్చి లేపబోయిన మనిషిని "ముట్టుకున్నారంటే బాగుండదు" అని పడుకునే అరిచాను, వీధి వీధంతా కిటికీల్లోకి వచ్చింది. అప్పట్నుంచీ పట్టు పట్టాను. చలికాలం ఎవ్వరూ గడ్డికి నీళ్ళు పెట్టకూడదని కాలనీ సంఘం తీర్మానం చెయ్యాలని. ఇంటింటికీ తిరిగాను, అందరూ తల ఊపారు. ఆ మీటింగు ఇవాళ సాయంత్రమే. ఏం మాట్లాడాలో రాత్రి పడుకునే ముందు అద్దం ముందు నిలబడి రెండుసార్లు చెప్పుకున్నాను కూడా. ఇవాళే రావాలా ఆ మీటింగు!

తలుపు తెరుచుకుంది. ఎవరో డాక్టరు, మా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. అడుగులు అలా తొందరగా వేస్తే మంచిదా, చెడ్డదా? నిమ్మళంగా వేస్తే మంచిదేమో. పొద్దున నేనూ అలాగే తొందరగా వేశాను అడుగులు. అక్క మా ఇంటికొచ్చి రెండేళ్ళు. ముందు పొయ్యి మీద పెట్టినవి మర్చిపోయింది, తర్వాత తన ఇంటి దారి, తర్వాత నన్ను. అన్నీ మర్చిపోయింది గానీ షిఫ్టు మర్చిపోలేదు. రోజూ చీకటితో లేచి మా గది తలుపు దగ్గర నిలబడి "సూపర్‌వైజరమ్మా, బస్సు వచ్చిందా?" అంటుంది. నేనే సూపర్‌వైజరమ్మని. మొదట్లో "అక్కా, నేనే, పిట్టని" అని ఏడ్చేదాన్ని, అది కంగారు పడిపోయి నన్నే ఓదార్చేది, ఎవరో పరాయి ఆడమనిషి ఏడుస్తుంటే ఓదార్చినట్టు. తర్వాత తెలివి తెచ్చుకున్నాను. "ఇవాళ సెలవు, వెళ్ళి పడుకో" అంటాను. "సెలవా, మంచిదమ్మా" అని బుద్ధిగా వెళ్ళి పడుకుంటుంది. నా అంత దయగల సూపర్‌వైజరు ఎక్కడా ఉండదు, ఏడాదంతా సెలవే. ఇవాళ మాత్రం జలుబు మాత్ర వేసుకుని మొద్దులా పడుకున్నాను. వచ్చి నిలబడే ఉంటుంది, పిలిచే ఉంటుంది. సెలవిచ్చే నాథుడు లేక డ్యూటీకి వెళ్ళిపోయింది. పై గడియ, కింద గడియ, రెండూ చప్పుడు కాకుండా తీసింది. ఆ విద్య చేతులకి గుర్తుంది మరి. నన్ను లేపకూడదనే కదా ఆ విద్య నేర్చుకుంది.

మెలకువ వచ్చేసరికి వాకిలి బార్లా తీసి ఉంది, చలి ఇంట్లోకి వచ్చి కూర్చుంది. ఇదివరకు రెండుసార్లు వెళ్ళినప్పుడు పెద్దరోడ్డు మీద బస్‌స్టాపులోనే దొరికింది. అందుకని మా ఆయన కారు తీసి అటే వెళ్ళాడు, నేను పేరు పెట్టి అరుస్తూ అటే పరిగెత్తబోయాను. వీధంతా పొడిపొడిగా ఉంది. కాలిబాటా, మట్టీ, గడ్డీ ఎండిపోయి ఎటు వెళ్ళిందో చెప్పే జాడ ఒక్కటి లేదు. నా అరుపులకి పైపాయన కోటు తొడుక్కుంటూ బయటికొచ్చాడు. చూసి మొహం తిప్పుకున్నాను. "అమ్మా, ఆగండి, ఇటు చూడండి" అన్నాడు. చూస్తే తన గడ్డిని చూపిస్తున్నాడు. ఓరి భగవంతుడా, ప్రాణం మీదికొచ్చినప్పుడు కూడా ఈ మనిషికి గడ్డి గోలేనా, ఎవరైనా తొక్కారని ఇప్పుడు పంచాయితీ పెడతాడా! నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగిపోయింది. యంత్రం తిరుగుతూనే ఉంది. తుంపర పడ్డ మేరా గడ్డి తెల్లగా పెళుసుగా బిగుసుకుంది, అప్పడం పరిచినట్టు. ఆ తెలుపు మీద అడుగులు. ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు, అయిదు వేళ్ళూ అచ్చుపడ్డాయి. మా మెట్ల దగ్గర మొదలై ఆయన గడ్డి మీదుగా ఏటవాలుగా, ఇంటి పక్కనుంచి, వెనక గేటుకి. బస్‌స్టాపు వైపు కాదు. అటువైపు గోదాముల సందు తప్ప ఇంకేమీ లేదు, పగలు లారీలు, రాత్రి పిల్లులు. మేం చస్తే అటు వెతికేవాళ్ళం కాదు. ఆయన నాకోసం ఆగలేదు, కొళాయి కట్టలేదు, ఆ తుంపరలోంచే పరిగెత్తాడు, అడుగులు చెరపకుండా పక్కనుంచి. ఎంత జాగ్రత్తో చూడండి, అప్పుడు కూడా అంచులోంచే. సరుకు దించే అరుగు మీద కూర్చుని ఉంది మా అక్క, మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని, ఒళ్ళో ఖాళీ సంచీ, బస్సు కోసం. పెదాలు నీలంగా. పిలిస్తే పలకలేదు, వణకడం కూడా మానేసింది. ఆయన కోటు విప్పి చుట్టి, తివాచీ చుట్టని ఎత్తినట్టు ఒక్క ఊపులో భుజాన వేసుకున్నాడు. బరువెత్తడం, బరువుతో గుమ్మాలు తగలకుండా తిరగడం ఆయనకి చేతనైనట్టు ఎవరికీ చేతకాదు. నేను వెనకాల, మా మెట్ల దగ్గర దొరికిన ఆ రెండో చెప్పు పట్టుకుని పరిగెత్తాను, ఎందుకు పట్టుకున్నానో తెలీదు, ఇదిగో ఇప్పుడు కూడా బ్యాగులోనే ఉంది.

"అయ్యో" అన్నాడు ఉన్నట్టుండి. నేను గబుక్కున తలుపు వైపు చూశాను. "కొళాయి కట్టలేదండీ. ఇంకా పోతూనే ఉంటాయి నీళ్ళు." ఇక్కడికొచ్చాక ఇదే మా మొదటి మాట. పోనీండి అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా! ఈ మాట వింటే మా ఆఫీసువాళ్ళు నన్ను ఆ ఫిర్యాదుల బల్ల మీదే నిలబెట్టేవాళ్ళు. ఆయన తల దించుకుని బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. మళ్ళీ తనే అన్నాడు. "అసలు వారం నుంచి కట్టేసే ఉంచానండీ."

తిరిగి చూశాను. నిజమే సుమా. ఈ వారం తుంపర చప్పుడు వినలేదు నేను. ఆగినందుకు సంతోషించడం కూడా మర్చిపోయాను, మీటింగులో ఏం మాట్లాడాలా అన్న గొడవలో పడి.

"మా ఆవిడ పోరు పెట్టింది. పక్కింటావిడ చెయ్యి విరిగింది, ఇంకా నీ పంతమేంటని. సరేనని కట్టేశాను. నిన్న సాయంత్రం సంఘం కార్యదర్శి వచ్చి చెప్పాడు, మీరు అందర్నీ కూడగట్టారని, ఇవాళ మీటింగులో నన్ను నిలబెడతారని. కోపం వచ్చిందండీ. కట్టేసినా ఇదేనా అనిపించింది. మీ మీద కోపంతోనే రాత్రి మళ్ళీ తిప్పి పడుకున్నాను. పొద్దున మీరు లేచి చూడాలని." అక్కడ ఆగి, చేతులు తుడుచుకోవడానికి పొడిచోటు దొరక్క, "అదీ సంగతి" అన్నాడు.

అదీ సంగతి. నవ్వొచ్చింది నాకు, నవ్వు వెంటనే ఏడుపు వచ్చింది, రెంటినీ కొంగుతో ఒకేసారి తుడుచుకున్నాను. ఇప్పుడు నేనెవరికి దణ్ణం పెట్టాలి? ఈయన మంచివాడైపోయిన వారంలో అక్క వెళ్ళి ఉంటే, ఆ పొడిగడ్డి మీద ఏ జాడా మిగిలేది కాదు. నేను నోరు మూసుకుని ఉంటే ఈయనకి కోపం వచ్చేది కాదు. ఆ కార్యదర్శి, ఒక పని చెబితే పది రోజులు నాన్చే ఆ బద్ధకస్తుడు, జన్మలో మొదటిసారి చెప్పిన పని చెప్పిన రోజే చేశాడు, ఆయన చల్లగా ఉండాలి. ఈయన భార్య మాట రాత్రి కూడా చెల్లి ఉంటే మా అక్క ఇప్పటికి ఆ అరుగు మీదే. ఇద్దరు మొండివాళ్ళ మధ్య పడి మనిషి నలిగిపోతుందంటారు, మా ఇద్దరి మొండితనం మధ్య మా అక్క బతికింది. బతికిందా? ఇంకా తెలీదు కదా, నోరు జారకు పిట్టా. నా మణికట్టు సలుపుతోంది, చలికి రోజూ సలుపుతుంది, సలిపినప్పుడల్లా ఈయన్ని తిట్టుకోవడం అలవాటు, ఇవాళ తిట్టు మొదలుపెట్టబోతే వేరే మాట వచ్చింది. సలపనీ. ఆ రోజు నేను పడకపోతే పట్టు పట్టేదాన్ని కాదు, పట్టు పట్టకపోతే ఈయన రాత్రి నీళ్ళు వదిలేవాడు కాదు. ఎంత దూరం నుంచి వచ్చావమ్మా మణికట్టూ. గోడకి ఆ వేడి గాలి పెట్టె ఎవరు పెట్టించారో వాళ్ళకో దణ్ణం, తుడిచి తుడిచి విసుక్కోని ఆ నేల తుడిచే ఆవిడకో దణ్ణం. అన్నిటికంటే ముందు ఈ పక్క కుర్చీలో ఉన్నాయనకి, ఈయనకి చెప్పడమే కష్టంగా ఉంది. బ్యాగులోంచి నా శాలువా తీసి ఆయన మోకాళ్ళ మీద వేశాను. "వద్దండీ, తడిసిపోతుంది" అన్నాడు. "తడవనీండి, మీకు అలవాటేగా" అన్నాను. ఆయన కాస్త నవ్వాడు.

నర్సమ్మ వచ్చేసరికి ఇద్దరం ఒకేసారి లేచాం, శాలువా మడుగులో పడింది. "కళ్ళు తెరిచారు. వేడెక్కుతున్నారు, ఇంక భయం లేదు. ఒక్కరు రండి" అంది. ఈయన కూడా వస్తాడన్నాను. ఏమవుతారని అడిగింది. పక్కింటాయన అన్నాను. ఆ మాట అంత గర్వంగా ఎవరూ చెప్పి ఉండరు, ఆ అమ్మాయి ఇంకేమీ అడక్కుండా తలుపు పట్టుకుని నిలబడింది.

లోపల దుప్పట్ల గుట్ట. ఆ గుట్ట చివర అక్క మొహం, చిన్నదైపోయి, పెదాలకి కాస్త రంగు వచ్చి. మంచం దగ్గరికి వెళ్ళి వంగాను. సెలవు నాలుక చివర సిద్ధంగా పెట్టుకున్నాను, సూపర్‌వైజరమ్మా అనగానే ఇచ్చెయ్యాలని, ఇవాళా, రేపూ, ఎల్లుండీ, ఎన్ని అడిగితే అన్ని. చాలాసేపు చూసింది నన్ను. నా వెనక నిలబడ్డ ఆయన్నీ చూసింది. ఎవరు ఎవరో తేల్చుకోవడానికి ఎంత దూరం నడుస్తోందో లోపల. కనుబొమలు ముడిపడ్డాయి, పూర్వం కాలిన బ్రెడ్డు చూసినప్పుడు ముడిపడినట్టు.

"ఏమే పిట్టా" అంది. గొంతు గీసుకుపోయింది గానీ అది మా అక్క గొంతే. "ఇంత చలిలో గడ్డికి నీళ్ళు పోసిన వెధవ ఎవడే? కాళ్ళు కొయ్యబారిపోయాయి."

ఏడాది తర్వాత విన్నాను ఆ పేరు. రెండో పేరు కూడా ఉంది అందులో, దానికి నా వెనక ఉన్నాయన పలికాడు.

"నేనేనమ్మా."

"బుద్ధుందా?"

"లేదమ్మా."

"రేపట్నుంచి పొయ్యకు."

"పొయ్యనమ్మా, ఒట్టు" అన్నాడాయన, చేతులు కట్టుకుని, కాళ్ళ కింద మళ్ళీ నీళ్ళు కారుతుంటే. ఆ ఒట్టు కోసమే ఏడాదిగా కాలనీ అంతా తిరిగాను నేను. అక్క తృప్తిగా కళ్ళు మూసుకుంది. రేపు లేస్తుంది, చీకటితోనే. మళ్ళీ సూపర్‌వైజరమ్మనే అవుతానేమో, అయినా ఫరవాలేదు. కానీ ఆ గడియలు తనని ఆపవు, నా నిద్రని నేను నమ్మలేను, తన అడుగుల జాడ పడే చోటు ఒకటి ఉండాలి. దుప్పటి కింద చెయ్యి పెట్టి అక్క పాదం పట్టుకున్నాను, రుద్దలేదు, ఊరికే పట్టుకున్నాను, వెచ్చగా ఉంది. అక్కకి వినిపించకుండా ఆయన వైపు తిరిగాను.

"పొయ్యండి. మా మెట్ల దాకా పొయ్యండి. మెట్లు జారకుండా ఉప్పు నేను చల్లుకుంటాను."